నలభయ్యో మూల

సీసాలక్క ఇరవై రెండేళ్లు పాల సీసాలు కడిగి బతికింది. వాళ్ల ఊళ్లో పాలు గాజు సీసాల్లో గుమ్మం ముందుకే వచ్చేవి. రేకు మూత తీసి అలాగే తాగేసేవారు, కాచడమంటే ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనే. సీసాల కర్మాగారం మూతపడ్డాక ఆమె చెల్లెలి ఊరికి వచ్చింది. ఇక్కడంతా ప్యాకెట్లు. కొందరు ప్యాకెట్‌ను జగ్గులో నిలబెట్టి, మూల కత్తిరించి వంచుకుంటారు. కొందరు గిన్నెలో పోసి పొంగించందే ముట్టరు. ఏదీ తెలియని ఆమె మొదటిరోజు ప్యాకెట్‌ను సీసాలా ఎత్తి వంచితే సగం పాలు మరిది చొక్కా తాగింది. మరిది పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెను గుచ్చింది, ఒకరి పంచన కూర్చుని తినే రకం కాదు మరి.

వారం తిరక్కుండా పసిపిల్లల బడి వంటగదిలో పని వెతుక్కుంది. పదిహేను రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. రోజూ నలభై ప్యాకెట్లు కత్తిరించి, కాచి, గ్లాసుల్లో పొయ్యాలి. మొదటిరోజే ప్యాకెట్ మూల ఒకటి తెగి గిన్నెలో పడింది. వంటమాస్టారు దాన్ని గరిటెతో తీసి చూపించాడు.

“మూల పూర్తిగా కొయ్యకూడదమ్మా, వేలాడుతూ ఉండాలి. ఇది పిల్లల గొంతులో పడితే? ఇంకోటి కనబడిందంటే మీ దారి మీది.”

ఇంట్లో ఖాళీ ప్యాకెట్ల మీద ఎంత సాధన చేసినా, ఏళ్ల తరబడి తడిలో నానిన వేళ్లు సగంలో ఆగనన్నాయి. పోనీ, ఆగకపోతే మాత్రమేం అనుకుంది. కర్మాగారంలో ఎన్ని సీసాలో అన్ని మూతలు లెక్క తేలాల్సిందే. ఆ పద్ధతే ఇక్కడా పెట్టింది. పొయ్యి పక్కన ఒక సాసరు ఉంచి, కోసిన ప్రతి మూలా అందులో వేసేది. నలభై తేలాకే పొయ్యి వెలిగించేది.

“ఏం సీసాలక్కా, మూలలతో కూర వండుతారా?” అని మాస్టారు రోజూ వేళాకోళమాడేవాడు.

పదిహేనో రోజు ఆమె గ్లాసులు తేవడానికి వెళ్లొచ్చేసరికి, ఆలస్యమవుతోందని మాస్టారు మిగిలిన ప్యాకెట్లు తానే కోసి, తొందరలో పూర్తిగా తెగిన మూలల్ని సాసరులో విసిరి, పాలు కాచేశాడు. ఆమె సాసరు చూసింది. ముప్పైతొమ్మిది. చెత్తబుట్ట నేలమీద బోర్లించి వెతికింది, దొరకలేదు.

“వడకట్టాను కదా, పొయ్యండి. గంట కొట్టేశారు,” అన్నాడు మాస్టారు.

“ఆ జల్లెడ కన్నాల్లోంచి వేలు దూరుతుంది మాస్టారూ. ముక్క దొరికేదాకా ఒక్క గ్లాసు కదలదు.”

“ఇవాళే మీ సంగతి తేల్చేది. మేడం వస్తే ఏం చెబుతారు?”

“నేనే ఆపానని చెప్పండి.”

ఆమె గరిటె అందుకుంది. పని పోతే మళ్లీ మరిది ఇంటి మౌనమే గతి. అయినా గరిటె వదల్లేదు. గరిటెడు గరిటెడు తోడి ఇంకో గిన్నెలోకి మార్చింది. అవతల పిల్లలు బల్లలు బాదుతున్నారు. బడి నడిపే మేడం గుమ్మంలో నిలబడేసరికి, గిన్నె అంచున మీగడలో చుట్టుకుని నీలం ముక్క కనబడింది. సీసాలక్క దాన్ని కడిగి సాసరులో వేసింది.

“ఎవరు కోశారిది?” అంది మేడం.

సీసాలక్క గ్లాసుల్లో పాలు పొయ్యడం మొదలుపెట్టింది. మాస్టారు కత్తెర బల్లమీద పెట్టాడు.

“నేనేనండి.”

పదహారో రోజు పొద్దున పొయ్యి పక్కన రెండు సాసర్లున్నాయి. రెండోది మాస్టారు ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.