పద్నాలుగో రివెట్ నుంచి మొదలుపెట్టాం

2023 మే. ఐర్లండ్‌లోని ములింగార్ ఊరి చివర, కాలువ దాటాక ఉన్న ఒక రేకుల షెడ్డు. కారు వెనక తగిలించుకునే ఇంటిబండ్లు, అంటే కారవాన్లు బాగుచేసే ఆ షెడ్డులో నేను పనికి చేరి అప్పటికి ఆరేళ్లు. మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో ఈ దేశం వచ్చాం. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో, బస్సు బాడీలు కట్టే చోట స్టోర్సు గుమాస్తాని. ఒక బస్సుకు ఎన్ని రివెట్లు పడతాయో, కిలోకు ఎన్ని తూగుతాయో అడిగినవాడికి అడిగినట్టే చెప్పేవాణ్ని. కానీ రివెట్ గన్ను చేత పట్టింది మాత్రం ఐర్లండ్ వచ్చాకే. చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది. లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవి, చేతిపని మా యజమాని డెక్లాన్‌ను చూసి నేర్చుకున్నది.

ఆ సోమవారం ఉదయం ఒక కారు వెనక, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న తెల్ల కారవాన్ షెడ్డులోకి వచ్చింది. ఫైబర్‌గ్లాసుతో అచ్చుపోసి చేసిన పాతకాలపు బండి. ఒళ్లంతా గుండీల వరుసల్లా ప్లాస్టిక్ మూతలు. దిగినావిడ పేరు స్వరూప. సిరిసిల్ల వాళ్లమ్మాయి, నలభై ఏళ్లుంటాయి. భర్త ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఆమె బట్టలు కుడుతుంది. అద్దె ఇంట్లో వ్యాపారం చేయకూడదని లీజులో రాసి ఉండటంతో ఈ పాత కారవాన్ కొని, అనుమతి తీసుకుని ఊరి హాలు వెనక నిలిపి, దాన్నే కుట్టుగది చేసుకుంది.

ఇక్కడ మే నెలలో ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఫస్ట్ కమ్యూనియన్ అనే చర్చి వేడుక జరుగుతుంది. ఆడపిల్లలు పెళ్లికూతుళ్లలా తెల్ల గౌన్లు వేసుకుంటారు. ఆ శనివారం జరిగే కమ్యూనియన్‌కు తొమ్మిది మంది పిల్లల గౌన్లు స్వరూప చేతిలో ఉన్నాయి. పోయిన వారం వానలో, లోపల కప్పు కింద గోడ పొడవునా బిగించిన పై అరలోంచి ఒక చుక్క కారి, ఒక గౌను అంచు మీద ఆవగింజంత తుప్పు మరక పడింది. దాని మీద లేసు పువ్వు కుట్టి కప్పేసిందట. ఇంకో మరక పడితే కప్పడానికి పువ్వులు లేవని చెప్పి, నా ముఖంలోకి చూసి అంది:

"అన్నా, గురువారం అయిదింటికి మొదటి పిల్ల వస్తది, ఆఖరుసారి వేసి చూసుకోనీకి. ఒక్క తల్లి చెప్తే తొమ్మిది మంది తల్లులు వచ్చిన్రు. అట్లనే ఒక్క తల్లి చెప్తే తొమ్మిది మంది పోతరు. అప్పటికి నాకు చుక్క కారని కప్పు కావాలె."

గురువారం అయిదింటికి ఇస్తానన్నాను. ఆమె గౌన్లన్నీ ఇంటికి తీసుకెళ్లి కర్టెన్ కడ్డీకి వేలాడదీసుకుంది.

ముందు లెక్కపెట్టాను. బయట మొత్తం నూట పద్దెనిమిది రివెట్లు. వాటిలో నలభై ఒక్కదానికి మూత పగిలింది, లేదా అసలు లేదు. ప్రతిదాని పక్కనా టేపు ముక్క అంటించి నంబరు రాశాను. రాస్తుంటే తుప్పు మరక మాట గుర్తొచ్చి చేయి ఆగింది. ఇవి పాప్ రివెట్లు, అంటే ఒక్క వైపు నుంచే బిగించేవి. అల్యూమినియం గొట్టం, దాని మధ్యలో మేకులాంటి ఇనుప పుల్ల. పుల్లను మాండ్రెల్ అంటారు. గన్నుతో దాన్ని లాగితే లోపలివైపు గొట్టం ఉబ్బి పట్టుకుంటుంది, పుల్ల తెగి బయటికి వస్తుంది, దాని తల మాత్రం లోపలే ఉండిపోతుంది. అల్యూమినియానికి తుప్పు పట్టదు. మరకకు తుప్పు రంగు ఉంది. అంటే నీళ్లు రివెట్ చుట్టుపక్కల నుంచి కాదు, రివెట్ నడిబొడ్డులోంచి, ఆ ఇనుప తలను కడుక్కుంటూ దిగుతున్నాయి. బయట మూత సోకు కోసం పెట్టింది కాదు, అదే గొడుగు. ఆరేళ్లుగా ఆ మూతలు బిగిస్తున్న నాకు ఈ సంగతి ఆ రోజు తట్టింది. డెక్లాన్‌ను పిలిచి చెబితే, ముప్ఫై ఏళ్లుగా తనూ అవి అందానికే అనుకుంటున్నానని నవ్వాడు.

ఆ ఊపులో మిగతా లెక్కలూ వేశాను. ఫైబర్‌గ్లాసు గోడ నాలుగు మిల్లీమీటర్లు, లోపలి అర అంచు మూడు, వాషర్ ఒకటి. మొత్తం ఎనిమిది. దీన్ని గ్రిప్ అంటారు, రివెట్ పట్టుకోవలసిన మందం. దానికి రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు కలపాలి. ఈ రివెట్ లావు నాలుగు పాయింట్ ఎనిమిది, దానికి ఒకటిన్నర రెట్లంటే ఏడు పాయింట్ రెండు. మొత్తం పదిహేను పాయింట్ రెండు. పదహారు మిల్లీమీటర్ల రివెట్లు, ఈసారి తుప్పు పట్టని పుల్లలతో తీసుకున్నాను.

తర్వాత టైము లెక్క. ఒక్కో రివెట్‌కు డ్రిల్లు చేసి పాతది తీయడం, కన్నం శుభ్రం చేయడం, నీళ్లు చొరకుండా సీలెంట్ జిగురు పూయడం, కొత్తది బిగించడం, మూత పెట్టడం. ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి చేస్తే, పనిముట్లు మార్చుకోవడంతో కలిపి ఏడు నిమిషాలు. నూట పద్దెనిమిదింటికి ఎనిమిది వందల ఇరవై ఆరు. అదే ముందు అన్నీ డ్రిల్లు చేసి, తర్వాత అన్నీ శుభ్రం చేసి, ఇలా వరసగా వెళితే నాలుగు నిమిషాలు చాలు. నాలుగు వందల డెబ్బై రెండు. ఆరు గంటలకు ఆరు నిమిషాలు తక్కువ ఆదా. ఆ కాగితం చూసుకుంటే కడుపు నిండింది.

మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నూట పద్దెనిమిదీ తీసేశాను. ఒక్క కన్నం కూడా పెద్దది కాలేదు. పై అరలు కింద పడకుండా లోపల కర్రలు నిలబెట్టాను. హాయిగా ఇంటికి వెళ్లాను.

బుధవారం పొద్దున వచ్చి ఎడమవైపు పై అరల వరుసలో మొదటి రివెట్ పెట్టాను. పడింది. రెండు, మూడు పడ్డాయి. నాలుగోది గట్టిగా నెడితే పడింది. అక్కడి నుంచి సూదిమొన ఇనుప కడ్డీతో కన్నాలను ఒకదాని ఎదురుగా ఇంకోదాన్ని లాక్కుంటూ ఎనిమిది దాకా వెళ్లాను. తొమ్మిదో కన్నంలోంచి చూస్తే లోపలి అర కన్నం అర్ధచంద్రంలా కనిపించింది. స్కేలు పట్టుకుని వరుసంతా కొలిచాను. రెండు చివర్లలో తేడా లేదు. మధ్యకు వచ్చేసరికి గోడ కన్నం అర కన్నం కంటే తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి ఉంది. కుడివైపూ అంతే.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. అరలు గోడలకు వేలాడుతున్నాయని అనుకున్నాను. నిజానికి ఆ అరలే అటూ ఇటూ గోడలను లోపలికి పట్టుకుని కప్పును నిలబెడుతున్నాయి. పట్టు మొత్తం ఒకేసారి వదిలేసరికి గోడలు బయటికి ఉబ్బి, కప్పు కిందికి కుంగింది. నా కాగితంలో నిమిషాలున్నాయి గానీ బరువు లేదు.

డెక్లాన్ వచ్చి చూసి, ఒక అంగుళం పైన కొత్త కన్నాలు వేసెయ్, పాతవి పూడ్చెయ్, మూతలు పెడితే ఎవరికి తెలుస్తుంది, గ్రాండ్, అంటే భేషుగ్గా ఉంటుంది అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నా తిప్పలు చూడలేక. వరుసకు ఇరవై ఏడు, రెండు వరుసలకు యాభై నాలుగు కొత్త కన్నాలు, కింద యాభై నాలుగు పూడ్చినవి. చుక్క కారకూడదని తెచ్చిన బండిలో నీళ్లకు నూట ఎనిమిది దారులు. అదీగాక కప్పు కుంగినచోటే ఉండిపోతుంది. కాదన్నాను. కానీ బదులుగా చూపగలిగిన దారి ఏదీ లేదు. లోపల జాకీ పెట్టి, పలక అడ్డం వేసి కప్పును ఎత్తాను. కప్పు లేచింది గానీ, బిగించిన ఎనిమిది రివెట్లు ఆ చివరను వంకరలోనే పట్టుకుని ఉండటంతో తేడా అంతా ముందుకు జరిగి పద్దెనిమిదో కన్నం దగ్గర తేలింది.

ఒంటిగంటకు స్వరూప వచ్చింది, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని. డబ్బాలో మా ఇద్దరికీ సర్వపిండి కూడా తెచ్చింది. దాచకుండా చెప్పాను: తప్పు నాదే, రేపటికి అవుతుందో లేదో తెలియదు అని. ఆమె కారవాన్ లోపలికి వెళ్లి వరుసంతా వేలితో తడుముకుంటూ వచ్చి, ఒకటో నంబరు దగ్గర ఆగింది.

"ఒక కొస నుంచి ఎందుకు మొదలుపెట్టినవ్ అన్నా?"

"లెక్క ఒకటి నుంచే కదమ్మా మొదలయ్యేది."

"లెక్క అట్ల మొదలైతదేమో. జాకెట్ అట్ల కాదు. చెయ్యి ఎక్కిచ్చేటప్పుడు ఒక కొస నుంచి కుట్టుకుంట పోతే ఆఖరుకు బెత్తెడు బట్ట మిగుల్తది. ముందుగాల భుజం మీద నడిమిట్ల ఒక పిన్ను పెట్టాలె. తర్వాత రెండు కొసలు. తర్వాత నడుమ నడుమ. ఎక్కువతక్కువలు అన్ని పిన్నులు పంచుకుంటయి. అప్పుడు మిషన్ ఎక్కియ్యాలె. మా అమ్మ దగ్గర నువ్వు ఇట్ల కుట్టినవనుకో, స్కేలు తోని మొట్టేది."

జేబులోంచి పెన్సిల్ తీసి కారవాన్ గోడ మీద టేపు ముక్క పైనే రాయడం మొదలుపెట్టాను. ఇరవై ఏడు కన్నాలకు మధ్యది పద్నాలుగు. అటు పదమూడు, ఇటు పదమూడు. చివర నుంచి వెళితే తేడా ఇరవై ఆరు ఖాళీల పొడవునా పేరుకుంటుంది. పద్నాలుగు దగ్గర పిన్ను పెడితే ఇరవై ఆరు పదమూడవుతుంది. ఏడు, ఇరవై ఒకటి దగ్గర పెడితే ఏ రెండు పిన్నుల మధ్యా ఏడు ఖాళీలకు మించదు. ఇంకోసారి మధ్యకు విరిస్తే నాలుగు, ఇంకోసారి విరిస్తే రెండు. రెండు ఖాళీల్లో తేడా ఎంత దాక్కోగలదు? ఈ సగాల లెక్క నాకు తెలియనిది కాదు. దాన్ని ఇక్కడ వాడొచ్చని మాత్రం నాకు తట్టలేదు.

బిగించిన ఎనిమిదీ మళ్లీ తీసేశాను. పిన్నుల బదులు సన్నటి నట్టుబోల్టులు తెచ్చాను. నేను బయట, స్వరూప లోపల. డెక్లాన్ జాకీ దగ్గర కూర్చున్నాడు. ఆ జాకీ మర ఒక చుట్టు తిరిగితే మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. తొమ్మిదికి మూడు చుట్లు. గబగబా ఎత్తితే ఫైబర్‌గ్లాసు చిట్లుతుందేమోనని పావు చుట్టు తిప్పడం, కాసేపు ఆగడం, మళ్లీ పావు. స్వరూప లోపలి నుంచి లెక్కచెబుతోంది. పన్నెండో పావుకు పద్నాలుగో కన్నంలోంచి అవతలి వెలుగు గుండ్రంగా కనిపించింది. బోల్టు వేలితో తోస్తే వెళ్లింది, సుత్తి లేకుండా. డెక్లాన్ నోటి నుంచి చిన్న ఈల వచ్చింది. తర్వాత ఒకటి, ఇరవై ఏడు. తర్వాత ఏడు, ఇరవై ఒకటి. ఒక్కోటీ వెళ్తుంటే ముగ్గురం పిల్లల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆరింటికి రెండు వైపులా యాభై నాలుగు కన్నాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

గురువారం ఏడింటికే షెడ్డు తెరిపించాను. ఒక బోల్టు తీయడం, ఆ కన్నంలో సీలెంట్ పూసిన రివెట్ బిగించడం, నడుమ బొక్కలో ఇంకో చుక్క సీలెంట్, మీద మూత. టక్కుమని శబ్దం వచ్చాకే తర్వాతది. ఆ రెండు వరుసల్లో పక్కపక్కన రెండు కన్నాలు ఎప్పుడూ ఖాళీగా ఉంచలేదు. తర్వాత మిగతా అరవై నాలుగు. మూడుంపావుకు నూట పద్దెనిమిదో మూత పడింది. స్వరూప తెల్ల లైనింగు గుడ్డ తెచ్చి అరలన్నిట్లో, కిటికీల కింద, నేల మీద పరిచింది. డెక్లాన్ గొట్టంతో అరగంట నీళ్లు కొట్టాడు. లోపల స్వరూప చేతులు కట్టుకుని గుడ్డ వైపే చూస్తూ నిలబడింది.

వంటగట్టు కిటికీ దగ్గర ఒక్క మచ్చ పడింది. అరవై ఒకటో నంబరు. ఆ మూత సగమే కూర్చుంది. తీసి, మళ్లీ సీలెంట్ పెట్టి నొక్కాను. ఇంకో పది నిమిషాలు నీళ్లు కొట్టాం. పొడిగుడ్డ పొడిగానే ఉంది. నాలుగూ ఇరవైకి కారవాన్ షెడ్డు దాటింది.

శనివారం పొద్దున ములింగార్‌లో కుండపోత. తొమ్మిదింటికి ఫోను మోగింది. స్వరూప. ఏమైందమ్మా అని అడిగాను. ఆమె ఫోను పైకి పట్టుకుంది. కప్పు మీద వాన చప్పుడు, దాని కింద కుట్టుమిషన్ చప్పుడు, ఎవరో చిన్నపిల్ల నవ్వు. ఒక పిల్ల నడుం దగ్గర ఆఖరి నిమిషంలో బిగించాల్సి వచ్చిందట.

"విన్నవా అన్నా?" అంది.

విన్నాను. ఆ పనికి పట్టిన నిమిషాలు తర్వాత కూడి చూశాను. పదకొండు వందల తొంభై. ఆరు గంటలు ఆదా చేద్దామనుకుని, నెమ్మదైన పద్ధతి కంటే ఆరు గంటల పైనే ఎక్కువ పోగొట్టాను. ఆ రోజు నుంచి ఏ బండి పని కాగితం రాసినా, టైము లెక్కకు ముందు ఒక గీత గీసి దాని మీద ఒక ప్రశ్న రాస్తాను: ఇది ఇప్పుడు దేన్ని మోస్తోంది? జవాబు దొరికేదాకా డ్రిల్లు ప్లగ్గులో పెట్టను.