పిట్ట ముట్టని విస్తరి

మా తమ్ముడు పోయాడు. దవాఖానలో, తెల్లవారుతుండగా. మట్టెవాడలో మా బట్టల దుకాణానికి వచ్చిపోయేవాళ్లందరికీ వాడు తెలుసు కాబట్టి ఈ నాలుగు మాటలు.

బట్ట కొలుస్తూ కొలుస్తూ చెయ్యి ఆపేసేవాడు. ఎక్కడో పిట్ట కూస్తే అంతే.

"సేటూ, బట్ట కొలుస్తాన్నవా, పిట్టను కొలుస్తాన్నవా?" అనేవారు ఆడవాళ్లు.

"జర ఆగమ్మా. నీ బట్ట యాడికి పోదు, అది పోతది."

నేను పూజలో ఉంటే కూడా వచ్చి, "అక్కా, జర ఆపు. గోరింక ఏమంటాందో ఇను" అనేవాడు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత్తర్వాత ఆగి వినడం అలవాటైంది. అది వాడు పెట్టిన భిక్షే.

వాడికి ఒకటే కోరిక. తూర్పు హిమాలయాల కొండల్లో, వెదురు పొదల్లో తిరిగే ఒక పిట్టను చూడాలని. పిచ్చుక కన్నా చిన్నది. బూడిదరంగు తల, పసుపు రొమ్ము. ఫుల్వెట్టా అంటారట, తెలుగులో పేరు లేదు. ఒకసారి పోయాడు. మంచు కమ్మేసింది. కూత వినిపించింది కానీ పిట్ట కనపడలేదు.

"గంత దూరం పోయి ఉత్త చేతులతోటి వస్తివా? మన ఇంట్ల పిచ్చుకలు లెవ్వా?" అన్నాను.

"పిచ్చుక మనకాడికే వస్తదక్కా. ఆ పిట్టకాడికి మనమే పోవాలె."

మళ్లీ పోవడానికి టికెట్లు తీసుకున్నాక జబ్బు బయటపడింది. మంచంలో కూడా, "జర తక్కువైతె పోదామక్కా, నువ్వు గూడ రా" అనేవాడు. తల ఊపేదాన్ని. దేవుడి ముందు కూర్చోవడం తప్ప నాకేమీ చేతకాలేదు.

మూడో రోజు వాడి పేరున విస్తరేసి పిట్టకు పెట్టాం. వాడికిష్టమైన గారెలు, అన్నం, పచ్చిపులుసు. కాకి గోడ మీద వాలింది, కిందికి రాలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే ముట్టదంటారు. తీరుస్తామని మాటిస్తే ముడుతుందంటారు.

"బిడ్డను మంచిగ చదివిస్త, ఫికర్ చెయ్యకు" అని మరదలు ఏడ్చింది. కాకి కదలలేదు.

"దుకాణం నేను జూసుకుంటనన్నా" అన్నాడు చిన్న తమ్ముడు. రాలేదు.

"అక్కా, నువ్వు చెప్పు. నీ మాటింటడు" అన్నారంతా.

వాడికేం మిగిలిందో నాకు తెలుసు. ఆ పిట్టను చూపిస్తానని ఎట్లా మాటివ్వను? చూడవలసిన కళ్లు మొన్ననే బూడిదయ్యాయి.

చేతులు జోడించాను. "తమ్మీ, గది నాతోని కాదురా. ఆకలితోటి పోకు. ఒక్క ముద్ద తిను."

కాకి కాసేపు చూసి ఎగిరిపోయింది. ఎండ విస్తరి మీదికి జరిగింది. గారెలకూ అన్నానికీ చీమలు పట్టాయి. ఒక్కో మెతుకే మోసుకుపోతుంటే, ఎవ్వరమూ దులపలేదు.