ఆరు నెలలు ఎప్పుడో దాటాయి

అది 2004 ఎండాకాలం. పామర్రులో మా అత్తగారింట్లో ఉండేవాళ్ళం. బాబు పుట్టినప్పుడు నర్సు, "తల్లిపాలు చాలు, చుక్క నీళ్ళు కూడా పట్టొద్దు" అంది. ఆ మాట పట్టుకుని, నీళ్ళగ్లాసుతో వచ్చిన అత్తయ్యగారిని రోజూ ఆపేదాన్ని.

"ఈ ఎండకి పిల్లాడి నాలుక పిడచగట్టుకుపోతోంది అమ్మాయ్!"

"వద్దంటే వద్దండీ!"

చివరికి ఆవిడ నాతో మాట్లాడటమే మానేశారు.

ఆరు నెలలు నిండాక మెత్తటి అన్నం మొదలుపెట్టాం. ఎనిమిదో నెల వచ్చేసరికి వాడికి విరేచనం గట్టిపడిపోయింది. ఓ పొద్దున ముక్కి ముక్కి ఏడుస్తుంటే రక్తపు చార కనబడింది. హడలిపోయి అత్తాకోడళ్ళం విజయవాడ పరిగెత్తాం.

"నీళ్ళు పడుతున్నారా?" అన్నారు డాక్టరుగారు.

"అస్సలు పట్టనండీ" అన్నాను గర్వంగా.

"ఎనిమిదో నెల బిడ్డకా? ఆరు నెలల దాకానే వద్దనేది! అన్నంతో పాటే కాచి చల్లార్చిన నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాలమ్మా!"

బయట కూర్చున్నవాళ్ళంతా తొంగిచూశారు. అత్తయ్యగారు ఇక దులిపేస్తారనుకున్నాను.

"మాకెవరూ చెప్పలేదండీ" అన్నారావిడ.

వారంలో బాబు కోలుకున్నాడు. సగం మాట విని, మిగతా సగం ఎవర్నీ అడగనందుకు నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.