ఢకారాల జోలపాట

ఈ సాయంత్రం మన ఉక్కు కార్ఖానా ఊళ్లోని అగ్రికో పేటలో మన తెలుగువాళ్ల కవిసమ్మేళనానికి వెళ్లాను. ఆంధ్రా నుంచి వచ్చిన కవిగారు ముందు మాకు పాఠం చెప్పారు. ఢకారాలు, ఘకారాలు మోగితే రక్తం ఉడుకుతుందట. లకారాలు జారితే మనసు జోగుతుందట.

తర్వాత బల్ల గుద్దుతూ, "ఢమఢమ ఘణఘణ" అంటూ కార్మికుణ్ణి మేల్కొలిపే కవిత అందుకున్నారు. ముందు వరుసలో రోలింగ్ మిల్లులో పనిచేసే మా అప్పారావు బాబాయి రెండో పాదానికే గురక పెట్టాడు. కవిగారు గొంతు పెంచారు. గురకా పెరిగింది.

కవిగారికి ఒళ్లు మండి, ఆ కవిత ఆపేసి వెన్నెల మీద మెత్తటి పాటొకటి మొదలెట్టారు. మోత తగ్గిందో లేదో, బాబాయి ఉలిక్కిపడి లేచాడు.

"ఏటయింది? మిల్లు ఆగిపోనాదేటి?"

పక్కనున్న పిన్ని కవిగారికి దణ్ణం పెట్టింది.

"ఏటీ అనుకోకండి బాబూ. ఇరవయ్యేళ్లబట్టీ ఈయనకి ఆ మోతే అలవాటు. ఇందాకటిదే సదవండి, కాసేపు తొంగుంటారు."

చదివారు. బాబాయి పడుకున్నాడు.

కార్మికుణ్ణి లేపే కవిత మీకెక్కడైనా తగిలితే ఈ గోడపత్రిక కింద రాయండి, జాగా వదిలాను. నిద్రపుచ్చేది మాత్రం వద్దు, దొరికింది.