అత్తరు సీసాలో ఏముందో చెప్పే మనిషి

మా చిన్నాన్న వెంకటరమణ ఇక లేరు. పోయిన వారం పొద్దున పాపకు బడి డబ్బా సర్దుతుండగా సబ్హాన్‌లో ఆయనతో పనిచేసే మలయాళీ ఒకాయన ఫోన్ చేసి, గోదాములోనే కుప్పకూలారని, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని చెప్పాడు. చేతిలో డబ్బా మూత అలాగే ఉండిపోయింది. ముందు రోజే ఆయనతో పోట్లాడాను. ఛాతీలో మంటంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. గ్యాస్ అన్నారు. ఊళ్ళో అందరికీ అన్నీ నిజాలే చెప్పి, తన గుండె గురించి మాత్రం ఇలా తప్పించుకున్నారు. దుఃఖం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఇంకా తగ్గలేదు.

చిన్నాన్నది రాజంపేట. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివి, సాల్మియాలోని ఒక అత్తరు దుకాణంలో ఏళ్ళ తరబడి అమ్మకాలు చూశారు. ఈ అరబ్బు దేశంలో నాకున్న నా వాళ్ళంటే ఆయనొక్కరే. పాపకు జ్వరం వస్తే నేను భయపడి ఫోన్ చేసేది ఆయనకే. అరవైకి దగ్గరపడ్డారు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆ దుకాణం మీద ఉంది. ఉద్యోగం పోతే ఇంకెవరూ వీసా ఇవ్వరు, ఊరికి పోవాల్సిందే. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఆయనకు తెలియదేమో అనిపించేది.

ఆయన విద్వత్తుకు వేళాపాళా ఉండేది కాదు. పాప పుట్టినరోజున కేకు కోయగానే, ఒకప్పుడు వెనిలా రుచికి బీవర్ తిత్తులు వాడేవాళ్ళని మొదలుపెట్టారు. చల్లటి దేశాల ఏరుల్లో చెట్లు కొరికి నీళ్ళకు అడ్డకట్ట కట్టుకునే జంతువట అది. తోక దగ్గర వాసన ఊరే రెండు తిత్తులుంటాయట. పిల్లలందరూ చెంచాలు కింద పెట్టారు. అప్పుడు తీరిగ్గా, అంత ఖరీదైన సరుకు ఈ కాలంలో కేకుల్లో ఎవరూ వెయ్యరని ముగించారు. ఎవరు వింటారు? అసలే తిండి తినని నా కూతురు నెల్లాళ్ళు బిస్కెట్టు కూడా వాసన చూసి పక్కన పెట్టింది.

పైగా ఆయన దగ్గరికే వెళ్ళి, దాన్ని ఎలా పడతారు తాతా అని అడిగింది. ఐదేళ్ళ పిల్లకు చెప్పాల్సిన కథేనా అది? ఆ తిత్తి వాసననే ఏటి ఒడ్డున బురద కుప్ప మీద పూసి, పక్కన ఉచ్చు పెడతారట. "ఎవరో కొత్తోడు మన ఏట్లోకొచ్చినాడే అని చూసేదానికొస్తాది పాపా, చిక్కిపోతాది," అన్నారు. ఆ రాత్రంతా పాప ఏడుపు.

ఇవన్నీ సహించాను. సహించలేనిది వరలక్ష్మీ వ్రతం ముందు జరిగింది. అమ్మవారి అలంకారానికి మంచి అత్తరు కావాలంటే నా స్నేహితురాలు సుజాతను నేనే ఆ దుకాణానికి తీసుకెళ్ళాను. ఆమె అన్నిటికంటే ఖరీదైన సీసా ఎంచుకుంది. ఎందుకమ్మా అని అడిగారు చిన్నాన్న. అమ్మవారికి అంది. వెంటనే ఆమె చేతిలోంచి సీసా తీసేసుకున్నారు.

"అమ్మవారికైతే ఇది వద్దు తల్లీ. తోలు వాసన కోసరం దీంట్లో బీవర్ తిత్తి సారం కలిపిండారు. మల్లె నూనె తీసుకో."

సుజాత నా వైపు తిరిగి, "మీ చిన్నాన్నను ఇక్కడ అమ్మడానికి పెట్టారా, ఆపడానికి పెట్టారా?" అంది. వెనకే నిలబడ్డ యజమానికి తెలుగు రాదు, కానీ చేతిలోంచి వెనక్కి వెళ్ళిన సీసా అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు. అంతకుముందే రెండు మూడుసార్లు హెచ్చరించాడట. ఈసారి ఒక్క మాటే అన్నాడు, ఖలాస్, ఇక పని లేదని.

బతిమాలితే ఇఖామా ఉంచి, సబ్హాన్ గోదాములో పెట్టెలు మోసే పనికి పంపాడు. ఆ వయసులో, ఆ ఎండలో. మటన్ లేనిదే ముద్ద దిగని మనిషికి అమ్మవారి మడి ఎందుకని అరిచాను. ఒక్కసారి నోరు మూసుకుంటే ఏం పోయేదన్నాను.

"నేను కూర తింటా, తెలిసే తింటా. తెలీనోళ్ళ చేత అమ్మవారికి పెట్టిచ్చేది నా వల్ల కాదు మే," అన్నారు. పైగా గోదాములో హాయిగా ఉందని, అక్కడ ఎవరూ ఏమీ అడగరని నవ్వారు. పెట్టెలు మోస్తూనే పోయారు.

పార్థివదేహాన్ని ఊరికి పంపాక, ఆయన సామాను ఏమైనా మిగిలిందేమోనని సాల్మియా దుకాణానికి వెళ్ళాను. ఏమీ లేదు. ఆయన స్థానంలో నిలబడ్డ కుర్రాడు అదే ఖరీదైన సీసా మూత తీసి నా మణికట్టు మీద రాశాడు. ఇందులో ఏముందని అడిగాను. అంతా పువ్వులే మేడమ్ అన్నాడు. దేవుడికి పెట్టొచ్చా అన్నాను. నిక్షేపంగా, అందరూ తీసుకెళ్తున్నారు అన్నాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ ఉద్యోగం అతనికి చాలాకాలం ఉంటుంది.

చిన్నాన్నా, నీ మీద కోపం తగ్గాక నమస్కరిద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. కోపంతోనే నమస్కరిస్తున్నాను. రేపు పాపకు కొనే ప్రతి వస్తువునూ చేతిలో పట్టుకుని నిలబడతాను. ఎవరిని అడగను?