ఎర్రన్నం అంటిన చక్రం

మా జిల్లాల్లో సముద్రం లేదు. చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చొని పోవాల్సిందే. అందుకేనేమో పాతకాలపు రాజులు మా దిక్కు పెద్ద పెద్ద చెరువులు కట్టించి వాటికే సముద్రాలని పేర్లు పెట్టుకున్నారు. నలభై ఏడేళ్ల వయసులో నాకు సైకిల్ పిచ్చి పట్టింది. ఒడ్డు వెంబడి తొక్కుకుంటూ పోవాలన్న కోరికను ఈ సముద్రాలతోనే తీర్చుకుందామనుకున్నాను. జనగామలో బయల్దేరి, దారిలో చెరువు కట్టలూ కోటలూ పాత గుళ్లూ చూసుకుంటూ మూడో రోజు సాయంత్రానికి భూపాలపల్లి జిల్లా ఘనపూర్ చేరాలని నా ఏర్పాటు.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. స్టాఫ్ రూములో ఒక సారు, "ఏంది మేడం, బస్సులు బంద్ అయినయా?" అని నవ్వాడు. నేనూ ఒక మాట అన్నాను. వారం రోజులు ఆయన నా మొహం చూడలేదు. నా నోరు అలాంటిది. తర్వాత జరిగిందంతా ఈ నోటి వల్లనే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

క్రిస్మస్ మరునాడు బయల్దేరాను. జఫర్‌గఢ్ కోట గుట్ట ఎక్కి దిగి, తొర్రూరు మీదుగా నర్సింహులపేట చేరేసరికి పొద్దు గూకింది. అక్కడ నాతో బీఈడీ చదివిన స్నేహితురాలి ఇంట్లో ఆగాను. దగ్గర్లో ఒక పల్లె చెరువు కట్ట మీద వీరగల్లు ఉందని ఆమె చెప్పింది. ఎప్పుడో యుద్ధంలో చచ్చిపోయిన మనిషి కోసం నిలబెట్టిన రాయి అది. "మంచు ఇడిచినంక పో" అని కూడా చెప్పింది. నేను వింటానా! ఆరు గంటలకే సైకిలెక్కాను.

అంత మంచు నేను ఎప్పుడూ చూడలేదు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు ఉన్నాయని తెలుసు, కానీ కనిపించడం లేదు. ముందు చక్రం కనిపిస్తోంది, దాని ముందు రెండు మూడు గజాల మట్టి కనిపిస్తోంది. ఒక కుక్క చాలాసేపు నా వెంట నడిచింది. మొరగలేదు. నేను ఆగితే అదీ ఆగింది. ఒకచోట మాత్రం అది కూర్చుండిపోయి, ఇక ముందుకు రాలేదు. నేను పట్టించుకోకుండా తొక్కాను. అప్పుడే చక్రం కింద ఏదో చిట్లిన చప్పుడయింది.

దిగి చూశాను. మూడు దారులు కలిసే చోటు అది. నడిమధ్యలో విస్తరాకు, అందులో కుంకుమ కలిపిన ఎర్రన్నం, కోసిన నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు. కోడిగుడ్డు నా చక్రం కింద పగిలి సొన కారుతోంది. ఎవరికో జబ్బు చేస్తే ఒంటి మీదుగా దిగదుడిచి తెచ్చి మూడు బాటల కాడ పెడతారు. దాటినవాళ్లకు, తొక్కినవాళ్లకు ఆ జబ్బు అంటుకొని పోతుందని నమ్మకం. మాది చర్చికి పోయే ఇల్లు. ఇవన్నీ అబద్ధాలని మా అమ్మ ఆదివారం ఆదివారం చెప్పేది. చెబుతూనే, ఇలాంటిది దారిలో కనిపిస్తే నా జబ్బ పట్టి పక్కకు లాగేది. ఇప్పుడు లాగేవాళ్లు లేరు. నాకు ఒళ్లు జల్లుమంది, అలా జల్లుమన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తిన్నగా పోతే పెద్ద రోడ్డు. వీరగల్లు ఉన్న పల్లెకు ఎడమకు తిరగాలి. ఎడమకు తిరిగాను.

పల్లెలో ఒక్క మనిషీ బయట లేడు. మొదటి ఇంటి ముందు నీళ్ల తొట్టి కనిపించింది. చక్రం కడుక్కుందామని ఆగి, "ఎవరన్నా ఉన్నరా?" అన్నాను. ముప్పై ఏళ్ల ఆడమనిషి నీళ్ల చెంబుతో వచ్చింది. వెనకాలే ఆమె అత్త, కర్ర పట్టుకున్న అవ్వ, గడప దగ్గర నిలబడింది. చెంబు అందించబోతూ ఆ కోడలు నా చక్రం వైపు చూసింది. టైరుకూ మడ్‌గార్డుకూ ఎర్రన్నం మెతుకులు అతుక్కొని ఉన్నాయి. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తొక్కినవా?" అంది అవ్వ.

"మంచుల కనిపియ్యలే అవ్వా."

"తొక్కితే తొక్కినవ్, సక్కగ పెద్ద రోడ్డుకు పోక మల్ల గీ గడపకే తెస్తివి గదనే!" అని అవ్వ గడపకు అడ్డంగా కర్ర చాపింది. నేనొక అడుగు వెనక్కి వేశాను. పొద్దున్నే ఒక పెద్దమనిషి నన్ను అంత అసహ్యంగా చూడటం అదే మొదలు.

సంగతి కోడలు చెప్పింది. జబ్బు ఆమె కూతురికి. తొమ్మిదేళ్లు. "పదిహేను రోజుల సంది జరమక్కా. ఏం ముట్టుతలేదు. తెల్లారక ముందే నేనే పోయి మూడు బాటల కాడ పెట్టొచ్చిన. జర్రసేపటి కిందనే లేచి కూసొని గంజి అడిగింది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో సంతోషం కనిపించింది. వెంటనే నా వైపు చూసి తల దించుకుంది. బిడ్డ జబ్బు తీసుకుపోయిన మనిషి ఎవరో తెలియకుండా ఉంటేనే ఆమెకు బాగుండేది. ఆ మనిషి ఎదురుగా నిలబడి నీళ్లు అడుగుతోంది.

తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తోంది. పిల్ల గోడకు ఆనుకొని కూర్చొని నన్నే చూస్తోంది. కళ్లలో తెల్లగుడ్డు పచ్చగా ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పాదాలు మాత్రం ఉబ్బాయి. నేను డాక్టర్ని కాదు, కానీ కాలేయం గురించి ఏడాదికొకసారి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. నాకు భయమేసింది.

"దవాఖానకు తీస్కపోయిన్రా?"

"ఊర్లె డాక్టరు సూదులిచ్చిండు. మా ఆయన పట్నంల పనికి పోయిండు. వస్తే మానుకోటకు తీస్కపోదామనుకున్న" అంది కోడలు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

"మూడొద్దులు పొలిమేర దాటొద్దు" అని అవ్వ అడ్డం పడింది. "దాటితే ఎదురొచ్చి మల్ల పట్టుకుంటది."

నేను పాఠం మొదలుపెట్టాను. ఇవి కామెర్లనీ, పాదాలు ఉబ్బడం మంచిది కాదనీ, మూడు రోజులు ఆగితే పిల్ల దక్కదనీ. గొంతు పెంచాను, బతిమాలాను, తిట్టాను కూడా. అవ్వ ఒక్కటే మాట అంది. "నువ్వు మాట్లాడకు. నీ తాన గది ఉన్నది."

కోడలు దించిన తల ఎత్తింది. నన్నే చూస్తోంది. పోవద్దని ఆ చూపు. అత్తకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు లేదు, బిడ్డను చంపుకునే ధైర్యమూ లేదు. నాకు అవ్వ మీద పీకల దాకా కోపం వచ్చింది. సరే, నా దగ్గర అది ఉందని కదా నీ నమ్మకం, ఉండనీ అనుకున్నాను. సైకిల్ స్టాండు వేసి, వేలితో ఒక ఎర్ర మెతుకు తీసి అవ్వకు చూపించాను.

"నేను ఎత్తుకపోతున్న" అన్నాను. "మూడు జిల్లాలు దాటిస్త. కానీ పొద్దు గూకేలోపల పిల్ల మానుకోట దవాఖానల పండాలె. పండకపోతే మల్ల గీ గడపకే వస్త."

క్లాసులో అరవడం నాకు అలవాటే. ఆ గొంతు అది కాదు. మెల్లగా, కిందినుంచి వచ్చింది. చిన్నప్పుడు మా పక్కింట్లో పూనకం వస్తే మా అమ్మ నా చెవులు మూసేది. మూసినా వేళ్ల సందుల్లోంచి విన్న గొంతు ఇప్పుడు నా నోట్లోంచి వచ్చింది. నేను నటిస్తున్నానని నాకు తెలుసు. ఎంతవరకు నటిస్తున్నానో మాత్రం తెలియలేదు.

అవ్వ చేతిలోంచి కర్ర జారిపోయింది. రెండు చేతులూ జోడించింది. అంతదాకా కసిరిన మనిషి, "పోతం తల్లీ, గిప్పుడే ఆటో పిలుస్తం" అంది. "మూడు చెరువులు దాటేదాంక చక్రం కడుగకు, నీ కాల్మొక్కుత." కోడలు అప్పటికే ఆటో కోసం పరుగెత్తింది. వీరగల్లు సంగతి నాకు గుర్తే లేదు. వెనక్కి తిరిగి మూడు బాటలు దాటి పెద్ద రోడ్డు ఎక్కాను.

దారిలో బోరు కనిపించింది. ఆగి కడుక్కోవచ్చు. కడగలేదు. జీవశాస్త్రం టీచర్ని, ఎర్రన్నం మెతుకులు మోసుకుంటూ మూడు చెరువులు లెక్కపెట్టుకుంటూ పోయాను. కడిగితే ఆ పిల్లకు ఏమైనా అవుతుందేమోనని భయం, అంతే, ఇందులో దాచడానికేం లేదు. ఒక చాయ్ హోటల్ దగ్గర బల్ల మీద కూర్చున్నాయన నా చక్రం చూసి, గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లిపోయాడు. మూడో చెరువు దాటాక కడిగాను. మెతుకులు పోయాయి కానీ రబ్బరు మీద ఎర్ర మరక పోలేదు. ఆ రాత్రికి నర్సంపేట లాడ్జి చేరాను.

మూడో రోజు ములుగు దాటాక ఒళ్లు కాలడం మొదలైంది. ఘనపూర్‌లో కోటగుళ్లకు చేరేసరికి సాయంత్రమైంది. విరిగిన స్తంభాలు, తలల్లేని బొమ్మలు, చుట్టూ చిన్న చిన్న గుళ్లు. మనుషులెవరూ లేరు. గుళ్లల్లో నీడ చిక్కబడుతోంది. ఒక రాతి మెట్టు మీద కూర్చుంటే చలికి పళ్లు టకటకలాడాయి. పక్కన ఎవరో కూర్చున్నట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూశాను. రెండోసారి భయం పోయి, సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం. ఇది నాకు వచ్చిందంటే ఆ పిల్లను వదిలేసిందన్నమాట. జ్వరం ఇంకా పెరగాలని, ఆ తలల్లేని బొమ్మల మధ్య కూర్చొని, యేసయ్యను అడిగాను.

కావలాయన వచ్చి, "టైమయింది మేడం, లేవుండ్రి" అనేదాకా అలాగే ఉన్నాను. తర్వాత సైకిల్‌ను బస్సు మీద వేయించుకొని జనగామ వచ్చి పడ్డాను. రక్త పరీక్షలో ఏమీ లేదు, మామూలు వైరల్ జ్వరమన్నారు. ఐదు రోజుల్లో తగ్గింది. తగ్గిన రోజు నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని మా ఆయన అడిగితే, జ్వరం పోయిందని అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఆ పిల్ల బతికిందో లేదో నాకు తెలియదు. ఫోన్ నంబరు తీసుకోలేదు, పేరు కూడా అడగలేదు. నర్సింహులపేట స్నేహితురాలిని కనుక్కోమందామంటే, చెడ్డ కబురు చెబుతుందేమోనని నోరు రాలేదు. పోయి చూద్దామంటే పోలేను. మాట తప్పితే మళ్లీ వస్తానన్నది నేనే. ఆ గడపలో నేను కనిపించడమంటే ఆ ఇంటికి చావు వచ్చినట్టే. ఎవరినైనా నోరు చేసుకొని గెలవగలను కానీ ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోలేకపోయాను. రెండేళ్లు అలాగే గడిపాను.

మొన్న చలికాలంలో ఉండబట్టలేక పోయాను. పల్లెలోకి వెళ్లొద్దు, దూరం నుంచి చూసి వచ్చేద్దామనుకున్నాను. మంచు లేదు, ఎండ బాగా కాస్తోంది. పొలిమేర దగ్గర సైకిల్ దిగి నిలబడ్డాను. ఎదురుగా గడ్డి మోపు నెత్తిన పెట్టుకొని అదే అవ్వ వస్తోంది. పక్కన బడి బట్టల్లో ఒక పిల్ల, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. బుగ్గలు వచ్చాయి. కళ్లు తేటగా ఉన్నాయి.

అవ్వ నన్ను చూసింది. మోపు కింద పడింది.

"పోయినం తల్లీ!" అని అక్కడినుంచే అరిచింది. "గా పూటనే పోయినం! పదొద్దులు దవాఖానల్నే ఉన్నం. మాట తప్పలే. మల్లెందుకొచ్చినవ్?" అంటూ పిల్లను గుంజుకొని కొంగుతో దాని కళ్లు మూసేసింది.

నేను టీచర్ననీ, ఆ రోజు అన్నదంతా ఉత్తదేననీ చెబుదామని నోరు తెరిచాను. నోట్లోంచి మాత్రం, "చూసిపోదామని వచ్చిన అవ్వా" అని వచ్చింది. నన్ను జబ్బే అనుకుంటున్న మనిషితో అనడానికి అంతకంటే పాడు మాట ఇంకోటి దొరికి ఉండదు. అవ్వ పిల్లను ఇంకా గట్టిగా పొట్టకు అదుముకుంది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలు నాకు భయపడ్డారో, కానీ ఇలా ఎవరూ భయపడలేదు.

"పోతున్న" అన్నాను. "ఇగ రాను. ఎన్నటికీ రాను."

అవ్వ చేతులు జోడించింది. కొంగు పక్కకు జరిగి పిల్ల ఒక కన్ను కనిపించింది. దాన్ని చూసి నవ్వాలని ప్రాణం కొట్టుకుంది. నవ్వితే అవ్వ ఇంకా హడలిపోతుందని నవ్వలేదు. సైకిల్ వెనక్కి తిప్పుకొని వచ్చేశాను.