నాన్న ఎంసీఆర్ చెప్పులు

మా నాన్న కొల్లేటికోట దగ్గర చేపల చెరువుల మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. గట్ల మీద ఎప్పుడూ వట్టి కాళ్లే. షుగరు ముదిరి పాదాలకు స్పర్శ పోయింది. కుడికాలి చిటికెన వేలు తీసేశాక ఏలూరు డాక్టరుగారు ఎంసీఆర్ చెప్పులు రాశారు. అడుగున మెత్తగా ఉండి, మడమ వెనక పట్టీ ఉండే నల్ల చెప్పులవి.

"ఇంట్లో కూడా వేసుకోవాలండీ. ఇంకో పుండు పడితే పాదం దక్కదు," అన్నారాయన. ఇంట్లోకి వేరే జత కొనమని నాకు మరీ మరీ చెప్పారు.

నేను ఒక్క జతే కొన్నాను. ఇంట్లో చెప్పులేమిటి, చూసినవాళ్లు ఏమనుకుంటారు? నాన్న ఉండేది తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే. ఆ ఇంటి గచ్చు అద్దంలా ఉండాలి నాకు. దాని మీద చెప్పు పడితే ఒళ్లు మండేది.

ఓ ఆదివారం పొద్దున్న నా చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది. ఊడ్చి, తడిగుడ్డ పెట్టాను. ఇంకా ఆరనే లేదు, నాన్న ఆ చెప్పులతోనే గుమ్మంలోకి వచ్చారు.

"ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? ఇప్పుడే తుడిచి చచ్చాను. అవి బయట విప్పేసి రండి."

"డాక్టరుగారు విప్పొద్దన్నారు కదమ్మా."

"డాక్టరుగారు వచ్చి తుడుస్తారా?"

నాన్న తలుపు పట్టుకుని వంగి, పట్టీలు విప్పి, చెప్పులు గోడవారగా పెట్టారు. లోపలికొచ్చి పేపరు చదువుకున్నారు. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగారు.

అన్నానికి పిలుద్దామని వస్తే గచ్చు మీద ఎర్రటి మరకలు, కుర్చీ నుంచి వంటింటి దాకా. నాన్న కూడా అప్పుడే చూశారు.

"కాలు కోసుకున్నావేమోనమ్మా, చూసుకో," అన్నారు నాతో.

గాజుముక్క ఆయన అరికాల్లో దిగి ఉంది.

ఎంత కడిగి మందు రాసినా పుండు మానలేదు. రెండు వారాలకు పాదం నల్లబడింది. ఏలూరు తీసుకెళితే డాక్టరుగారు కట్టు విప్పి చూసి, చెప్పులు ఎందుకు వేసుకోలేదని గట్టిగానే అడిగారు.

"నాదే పొరపాటండీ. మరిచిపోయాను," అన్నారు నాన్న. నా వైపు చూడను కూడా లేదు.

"ఎంత చెప్పినా వినరండీ," అన్నాను నేను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. మర్నాడు పాదం తీసేశారు.